ముందు చెత్త, ఆఖరున మొక్కలు: నగరపాలక పథకాలను మీ కాలనీకి రప్పించుకునే పద్ధతి

వానలు పడగానే కాలనీ పార్కుకు మొక్కలొస్తాయి. నిన్నమొన్నటి దాకా హరితహారం అన్నారు, 2024 నుంచి వనమహోత్సవం అంటున్నారు. పేరేదైనా ఆ రోజు నాయకులొస్తారు, గునపం పట్టుకుని ఫొటో దిగుతారు. కంపోస్టు డ్రమ్ము పెట్టిన రోజున మాత్రం ఎవరూ రారు. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగర పురస్కారం వచ్చింది. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ (నగరం చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) పొడవునా పెంచిన పచ్చదనానికి దక్కిన గుర్తింపు అది. సంతోషమే. కానీ ఓఆర్ఆర్ మీది పచ్చదనం వల్ల మీ అపార్ట్‌మెంట్ బోరులో నీళ్లు పెరగవు, గేటు పక్కన కుప్ప కదలదు.

పర్యావరణం కోసం నగర పాలన దగ్గర పథకాలు, నిబంధనలు, నిధులు కొరతేమీ లేవు. అవి వాటంతట అవి గల్లీలోకి నడిచి రావు, అంతే. సరైన ఆఫీసుకు, సరైన నెలలో, సరైన కాగితం వెళ్తే కదులుతాయి. ఆ పని కాలనీ సంక్షేమ సంఘం చేయొచ్చు, అపార్ట్‌మెంట్ కమిటీ చేయొచ్చు, కలిసొచ్చే పది కుటుంబాలు చేసినా చాలు. నేను చెప్పే వరస ప్రభుత్వం వరసకు తిరగేసి ఉంటుంది. ఎవరూ ఫొటో తీయని పనులు ముందు, మొక్కలు ఆఖరున.

మొదటి అడుగు: ఏ పని ఎవరిదో తెలుసుకోండి

ఎక్కువ ఫిర్యాదులు చచ్చిపోయేది ఇక్కడే. డ్రైనేజీ పొంగితే కార్పొరేషన్‌కు ఫోన్ చేస్తాం. అది జలమండలి పని. వరద నీటి కాలువ, అంటే రోడ్డు పక్క మోరీ, కార్పొరేషన్‌ది. చెత్త, వీధి దీపాలు, పార్కులు, దోమల మందు, ఇంటి అనుమతులు కూడా కార్పొరేషన్‌వే. మంచినీళ్లు, మురుగు లైన్లు, ట్యాంకర్లు జలమండలివి. సోలార్ మీటరు కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌ది. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర) హద్దులు తేల్చడంలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు, నీటిపారుదల, రెవెన్యూ శాఖలకు భాగం ఉంటుంది. ఆ హద్దులో ఎవరైనా కబ్జా చేస్తే 2024 జూలైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా చూస్తుంది.

మీ వార్డు, సర్కిల్ ఏవో కొత్తగా కనుక్కోండి. 2025 చివర్లో ఓఆర్ఆర్ లోపలి 27 పురపాలికలను కలిపినప్పటి నుంచి హద్దులు మారుతున్నాయి, పాత ఆస్తిపన్ను రసీదు మీది సర్కిల్ పేరును నమ్ముకోవద్దు. తర్వాత ముగ్గురి ఫోన్ నంబర్లు సంపాదించండి: మీ వీధి చూసే శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్ (ఎస్‌ఎఫ్‌ఏ అంటే అందరికీ తెలుస్తుంది), పార్కులు, మొక్కలు చూసే అర్బన్ బయోడైవర్సిటీ విభాగంలో మీ సర్కిల్ మేనేజర్, జలమండలి సెక్షన్ మేనేజర్. కమిషనర్‌కు ట్వీట్ పెడితే పని అవుతుందని కొందరి నమ్మకం. ఒకసారి అవుతుంది. రోజూ జరగాల్సిన పనికి మాత్రం ఎస్‌ఎఫ్‌ఏతో నమస్కారం, బాగున్నారా అనే పరిచయమే పనికొస్తుంది.

ఫిర్యాదు నోటితో వదిలేయకండి. కార్పొరేషన్ కాల్ సెంటర్ 040-21111111, జలమండలిది 155313. ఏది చేసినా ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. సోమవారం ప్రజావాణిలో (అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) కాగితం ఇస్తే దాని మీద స్టాంపు వేయించుకుని జిరాక్సు దగ్గర పెట్టుకోండి.

రెండో అడుగు: కాలనీ లెక్క ఒక కాగితం మీద

ఎన్ని ఇళ్లు, ఎన్ని బోర్లు, వాటిలో ఎన్ని ఎండాయి, వేసవిలో నెలకు ఎన్ని ట్యాంకర్లు కొంటున్నారు, చెత్త ఆటో ఏ టైముకు వస్తుంది, కుప్ప పడే చోట్లు ఎన్ని, పార్కు స్థలం ఎంత. ఒక్క పేజీ చాలు. అధికారి దగ్గరికి వెళ్లి 'మా దగ్గర చాలా ప్రాబ్లమ్ సార్' అంటే టీ ఇచ్చి పంపిస్తారు. '84 ఇళ్లు, నాలుగు బోర్లు, రెండు ఎండాయి, ఇంకుడు గుంత ఒక్కటీ లేదు' అంటే ఫైలు మొదలవుతుంది.

ఈ కాగితంలోనే ఇంకో లెక్క వేసుకోండి: మీ అపార్ట్‌మెంట్ 'భారీ చెత్త ఉత్పత్తిదారు' కిందికి వస్తుందా లేదా. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా వస్తుంది: నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లు, రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకం, రోజుకు 100 కిలోల చెత్త. మొదటిది, మూడోది చూసి 'మనం చిన్నవాళ్లం' అనుకునే కమిటీలు రెండోదాని దగ్గర దొరికిపోతాయి. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మామూలు లెక్క. నలుగురుండే ఇంటికి 540 లీటర్లు. అంటే 75 ఫ్లాట్లు ఉంటే గీత దాటినట్టే. ఆ గీత దాటినవాళ్లు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలి. నోటీసు వచ్చాక పరుగెత్తడం కన్నా ముందే చూసుకోవడం మేలు.

మూడో అడుగు: తడి చెత్త

అన్నిటికన్నా కష్టమైంది ఇదే. ఇది కుదిరితే మిగతావి తేలిక, ఎందుకంటే అప్పటికి కాలనీలో మాట వినే అలవాటు వచ్చి ఉంటుంది.

2015లో నగరంలో ఇంటికి రెండు చొప్పున 44 లక్షల డబ్బాలు పంచారు. ఆకుపచ్చది తడికి, నీలం పొడికి. స్వచ్ఛ ఆటోలు కూడా ఆ ఏడాదే దిగాయి. చాలా ఇళ్లలో ఆ డబ్బాలు ఉల్లిగడ్డలు పోసుకోవడానికో నీళ్లు పట్టుకోవడానికో పనికొచ్చాయి. డబ్బా ఇచ్చినంత మాత్రాన చెత్త వేరు కాదని నగరానికి అప్పుడే అర్థమవ్వాల్సింది. కొత్త నిబంధనల్లో ఇప్పుడు రెండు కాదు, నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ (డైపర్లు, ప్యాడ్లు), ప్రత్యేకంగా చూడాల్సినవి (బల్బులు, బ్యాటరీలు, పెయింట్ డబ్బాలు, గడువు దాటిన మందులు).

తడి చెత్త కలిపేస్తే ఏమవుతుందో ఇంట్లో వాళ్లకు ఒకసారి చెప్పండి. ఊరి చెత్త చాలావరకు జవహర్‌నగర్ వెళ్తుంది. అక్కడ పాత కుప్పను కప్పేశారు, పక్కనే చెత్తతో కరెంటు తయారుచేసే ప్లాంటు 2020 నుంచి నడుస్తోంది. చారు, పెరుగు, కూరగాయ తొక్కులతో తడిసిన కాగితం, ప్లాస్టిక్ సరిగ్గా మండవు. తడిది కుళ్లి కారే నల్లటి నీళ్లు, కంపు జవహర్‌నగర్ చుట్టుపక్కల బస్తీలవాళ్లు భరించాలి. మన వంటింటి బద్ధకానికి వాళ్లు ముక్కు మూసుకోవాలి.

ఇక పద్ధతి. అన్ని ఫ్లాట్లనూ ఒకేసారి ఒప్పించాలని చూడకండి. ఒక బ్లాకుతోనో ఒక వీధితోనో మొదలుపెట్టండి. మగవాళ్లు మాత్రమే కూర్చునే కమిటీ మీటింగులో ఈ విషయం తేలదు. వంటింట్లో చెత్త ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లను పిలవండి, ముఖ్యంగా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను. ఒకే అక్క నాలుగిళ్లలో పనిచేస్తుంది కాబట్టి ఆమెకు అర్థమైతే నాలుగిళ్లు మారినట్టే. వేరు చేసే పని వాచ్‌మన్ మీద పడేయడం మాత్రం వద్దు. అది అన్యాయం, పైగా నెల తిరగకుండా వాచ్‌మన్ మానేస్తాడు. కంపోస్టు చూసుకునే మనిషికి విడిగా జీతం ఇవ్వండి. చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు కూడా.

మామూలు ఇంటి నుంచి రోజుకు అరకిలో నుంచి ముప్పావు కిలో తడి చెత్త వస్తుంది. అరవై ఫ్లాట్లకు 30 నుంచి 45 కిలోలు. కరెంటుతో నడిచే ఖరీదైన మిషన్లు అమ్మేవాళ్లు ఈ లెక్క చూసి ఎగబడతారు. ఈ సైజు అపార్ట్‌మెంట్‌కు అవి అక్కర్లేదని నా అభిప్రాయం. రంధ్రాలున్న డ్రమ్ములు గానీ, ఇటుకల మధ్య సందులు వదిలి కట్టిన తొట్లు గానీ సరిపోతాయి. నేలకు ఆనకుండా ఇటుకల మీద పెట్టండి. అడుగున చేతెడు మందాన ఎండుటాకులు, పైన తడి చెత్త, మళ్లీ ఆకులు. తడి ఎంతో ఆకులు అంత, ఘనపరిమాణంలో. మొదట్లో పులిసిన మజ్జిగో పేడ నీళ్లో చల్లితే సూక్ష్మజీవులు త్వరగా అందుకుంటాయి. వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. రెండు నెలల్లో నల్లటి, మట్టివాసన వేసే ఎరువు వస్తుంది.

కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం, ఆకులు వేసి తిరగేయండి. చీమలు పడితే మరీ ఎండిందని, నీళ్లు చిలకరించండి. తెల్లటి లావుపాటి పురుగులు కనిపిస్తే భయపడకండి, అవీ కుళ్లబెట్టే పనే చేస్తున్నాయి. గుప్పిట్లో తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. బిర్యానీ బొక్కలు, మాంసం చిన్న డ్రమ్ముల్లో వేయకండి. ఎలుకలు, కుక్కలు వస్తాయి, పక్కింటివాళ్లతో గొడవ మొదలవుతుంది. అవి ఆటోకే ఇవ్వండి. కొబ్బరి చిప్పలకు చాలా కాలం పడుతుంది, విడిగా పెట్టుకోండి. ఎండుటాకుల కోసం వెతకక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో రోడ్లు ఊడ్చేవాళ్లు కుప్పపోసి అంటించే ఆకులు ఊరంతా ఉంటాయి. 'అంటించకండమ్మా, మాకు బస్తాల్లో ఇవ్వండి' అంటే పొగా తగ్గుతుంది, మీకు ఏడాది సరుకూ దొరుకుతుంది.

పెద్ద గేటెడ్ కమ్యూనిటీ అయితే బయోగ్యాస్ ఆలోచించొచ్చు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసేలా ప్లాంటు పెట్టారు. సాంకేతికత తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది. అక్కడ అది కుదరడానికి కారణం ఒకే రకం చెత్త, ప్రతిరోజూ, కలవకుండా దొరకడం. మీ దగ్గర ఆ మూడూ లేకపోతే ప్లాంటు పెట్టినా ఆర్నెల్లకు తాళం పడుతుంది.

పొడి చెత్త సంగతి త్వరగా తేల్చొచ్చు. ఆటో అన్న దాన్ని అమ్ముకుని నాలుగు రూపాయలు సంపాదించుకుంటాడు కాబట్టి శుభ్రంగా ఇస్తే ఆయనకే లాభం. 'మేం వేరు చేసి ఇస్తే ఆటోలో కలిపేస్తున్నాడు' అనేది మామూలు ఫిర్యాదు, నిజం కూడా. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంట్లో వేరు చేయడం మానేయకండి. వీడియో తీసి గొడవపడటం కన్నా ఎస్‌ఎఫ్‌ఏను పిలిచి ఆటోలో అడ్డ పలక పెట్టించమనండి. తడిది మీ ఆవరణలోనే ఆగిపోతే కలిపేందుకు ఆయన దగ్గర ఏమీ ఉండదు. ఇల్లు కూల్చిన మట్టి, ఇటుక ముక్కలు నాలా ఒడ్డున పోయించకండి. వాటిని ఇసుక, కంకర, టైల్స్‌గా మార్చే కేంద్రాలు జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ ఉన్నాయి, కార్పొరేషన్ ద్వారా బండి బుక్ చేసుకోవచ్చు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం. కమ్యూనిటీ హాలు అద్దెకిచ్చే రసీదులోనే ఆ షరతు రాసేయండి, ఫంక్షన్ రోజు వాదన ఉండదు.

నాలుగో అడుగు: వాన నీళ్లు

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఆవిరి, కారడం పోను 64,000 లీటర్లు చేతికొస్తాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే పన్నెండు పైనే. అన్ని ట్యాంకర్ల నీళ్లు మోరీలోకి వదిలి, మార్చిలో అవే నీళ్లు డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. నల్లాలో వచ్చే కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో తోడి తెస్తున్నవి. ఆ కరెంటు ఖర్చు కూడా ఊరి మీదే.

పెద్ద స్థలాల్లో ఇంకుడు గుంత తప్పనిసరి. కాగితం మీద అన్ని అపార్ట్‌మెంట్లకూ ఉంటుంది, ఎందుకంటే ప్లాన్‌లో గీయకపోతే అనుమతి రాదు. నేల మీద ఉందో లేదో మీ ప్లాన్ కాపీ తీసి వెతకండి. చాలాచోట్ల దాని మీద బైకులు పార్క్ చేసి ఉంటాయి.

కొత్తది తవ్వాలంటే వానాకాలానికి ముందు, ఏప్రిల్, మే నెలల్లో తవ్వించండి. పునాదికి కనీసం పదడుగుల దూరం, సెప్టిక్ ట్యాంకుకు, మ్యాన్‌హోల్‌కు ఇంకా దూరం. గుంతలో సగం దాకా 40 మి.మీ. కంకర, దాని మీద 20 మి.మీ. కంకర, పైన దొడ్డు ఇసుక, ఆ పైన కొంత ఖాళీ. డాబా పైపు నేరుగా గుంతలో పెట్టకుండా మధ్యలో చిన్న తొట్టి కట్టి జాలీ పెట్టండి, ఆకులు, మట్టి అక్కడే ఆగుతాయి. సీజన్‌లో మొదటి వాన నీళ్లు బయటికి వదిలేసేలా ఒక వాల్వు ఉంటే మరీ మంచిది. స్నానాల గది, బట్టల నీళ్లు ఇందులో కలపకూడదు.

ఇక్కడ నేల గురించి ఒక మాట. మన ఊరి కింద గ్రానైట్ ఉంది. పైన మట్టి పొర పలచగా ఉన్న చోట ఆరడుగుల గుంతలో నీళ్లు నిలబడిపోతాయి, ఇంకవు. తవ్వగానే బిందెలతో నీళ్లు పోసి చూడండి. రోజు గడిచినా అలాగే ఉంటే ఆ చోటు పనికిరాదు. అలాంటి కాలనీల్లో ఎండిపోయిన బోరే ఆస్తి. దాని కేసింగ్ (బోరులో దించిన పైపు) చుట్టూ గుంత తవ్వి, కేసింగ్‌కు రంధ్రాలు పెట్టి జాలీ చుట్టి, చుట్టూ కంకర, ఇసుక నింపి డాబా నీళ్లు అందులోకి మళ్లిస్తే రాతి పగుళ్ల దాకా వెళ్తాయి. రోడ్డు మీది నీళ్లు మాత్రం ఎప్పుడూ బోరులోకి వదలొద్దు. ఆయిలు, మురుగు నేరుగా భూగర్భంలోకి పోతాయి, వాటిని మళ్లీ బయటికి తీసే దారి లేదు.

డిజైన్ అర్థం కాకపోతే జూబ్లీహిల్స్‌లో జలమండలి పెట్టిన వాన నీటి థీమ్ పార్క్‌కు కమిటీ సభ్యుల్ని తీసుకెళ్లండి. రకరకాల గుంతల నమూనాలు కళ్లెదుట ఉంటాయి, మేస్త్రీని కూడా వెంట తీసుకెళ్తే సగం పని అయినట్టే. ఇంకుడు గుంత ఏటా మే నెలలో పైఇసుక తీసి కడిగి మళ్లీ వేయాలి. ఈ పని చేయక మూసుకుపోయిన గుంతలే ఊళ్లో ఎక్కువ.

ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచిత నీళ్ల పథకం ఉంది కదా, దానికి బస్తీలు మినహా పనిచేసే మీటరు ఉండాలి. ఉచితం కోసం పెట్టినా మీటరుతో ఇంకో లాభం ఉంది: నెలకు ఎన్ని నీళ్లు వాడుతున్నారో లెక్క తెలుస్తుంది.

ఐదో అడుగు: డాబా

2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అంటే ఎండ వేడిని తిప్పికొట్టే పూతలాంటివి వేసి డాబాను చల్లగా ఉంచడం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఇష్టాన్ని బట్టి. తప్పనిసరి కాకపోయినా చేయించండి. పై అంతస్తువాళ్లకు మే నెలలో తేడా తెలుస్తుంది. చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. ఫిబ్రవరిలో డాబా బాగా కడిగి, పగుళ్లు పూడ్చి, పెయింటు రెండు పూతలు వేయాలి. రేకుల ఇళ్లున్న బస్తీలకు ఇది అన్నిటికన్నా ఎక్కువ అవసరం, కాబట్టి కాలనీ డబ్బుతో పెయింట్ కొంటున్నప్పుడు పక్క బస్తీలో అంగన్‌వాడీకి కూడా రెండు డబ్బాలు ఎక్కువ కొనండి.

సోలార్‌కు కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ. అపార్ట్‌మెంట్లకు లిఫ్టు, మోటార్లు, మెట్ల దీపాల వాడకానికి కిలోవాట్‌కు 18,000. కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. నీళ్ల ట్యాంకు నీడ ఏ టైముకు ఎటు పడుతుందో చూడకుండా ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

ఆరో అడుగు: చెరువు, నాలా, గణేశుడు

మీ కాలనీ పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ మ్యాపు కాపీ సంపాదించండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కట్టకుండా వదలాల్సిన చోటు. మట్టి పోస్తుంటే తేదీ పడేలా ఫొటో తీసి హైడ్రాకు ఇవ్వండి, బుద్ధభవన్‌లో సోమవారాలు ప్రజావాణి ఉంటుంది. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట మట్టి, చెత్త కింద కనిపించకుండా పోయి, మళ్లీ తవ్వాక 2025 సెప్టెంబర్‌లో నీళ్లతో జనానికి అందింది. నెక్నాంపూర్ చెరువులో నీళ్ల మీద తేలే మొక్కల తెప్పలు వేసి శుభ్రం చేస్తున్నారు. కానీ మురుగు వచ్చి కలుస్తున్నంత కాలం ఏ తెప్పా చాలదు. అందుకే మీ కాలనీ మురుగు వరద కాలువలోకి ఎక్కడైనా కలుస్తోందేమో ముందు చూడండి. సొంత పైపు నాలాలో పెట్టి చెరువు కోసం ర్యాలీ తీయడం బాగోదు.

వినాయక చవితికి కార్పొరేషన్, హెచ్‌ఎండీఏ మట్టి విగ్రహాలు పంచుతాయి. అవి చిన్నవి, త్వరగా అయిపోతాయి. మండపం విగ్రహానికి మట్టిదే కావాలంటే రెండు నెలల ముందే చెప్పి చేయించుకోవాలి, ఆఖరి వారంలో దొరికేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నిమజ్జనానికి దగ్గరి బేబీ పాండ్ (నిమజ్జనం కోసమే కట్టిన చిన్న కొలను) ఎక్కడో కనుక్కోండి. పూలు, పత్రి, కొబ్బరికాయలు ముందే తీసేస్తే మీ కంపోస్టుకు మంచి సరుకు.

ఏడో అడుగు: మొక్కలు

ఇప్పుడు మీ దగ్గర ఎరువుంది, నీళ్లున్నాయి. మే నెలలోనే అర్బన్ బయోడైవర్సిటీ మేనేజర్‌కు ఏ జాతి ఎన్ని కావాలో రాసి ఇవ్వండి. రాయకపోతే నర్సరీలో ఏది మిగిలితే అదే వస్తుంది. వేప, కానుగ, నేరేడు అడగండి. కోనోకార్పస్ అనే విదేశీ జాతి చెట్టు వద్దనండి. కరెంటు తీగల కింద పెద్దగా పెరిగేవి పెట్టకండి, నాలుగేళ్లకు లైన్‌మన్ వచ్చి తల నరికేస్తాడు. ప్రతి మొక్కకూ ఒక ఇంటివాళ్ల పేరు రాయండి, రెండు వేసవులు నీళ్లు పోసే బాధ్యత వాళ్లది.

ఎనిమిదో అడుగు: జవాబు రాకపోతే

రెండు లేఖలకు కదలిక లేకపోతే డిప్యూటీ కమిషనర్‌ను కలవండి, వార్డు కమిటీలో అడిగించండి. 2020లో జీహెచ్ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) చట్టానికి చేసిన సవరణల్లో బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని ఉంది. డబ్బు లేదన్న జవాబు వస్తే ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు: పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

'ఎందుకు చేయలేదు' అని అడగకండి, ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వాల్సిన పని లేదని తిప్పి పంపుతారు. కాగితాలు అడగండి. మా వార్డులో గత మూడేళ్లలో ఏ చోట ఎన్ని మొక్కలు నాటారు, బతికినవాటి తనిఖీ నివేదిక కాపీ. మా సర్కిల్‌లో భారీ చెత్త ఉత్పత్తిదారుల జాబితా, ఇచ్చిన నోటీసుల కాపీలు. మా వీధి నాలా పూడిక తీసిన తేదీలు, కాంట్రాక్టర్‌కు చెల్లించిన బిల్లులు, మెజర్‌మెంట్ బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు. అందజేసినట్టు రసీదు తీసుకుని, 31వ రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.